దగ్గర దారి ఎవరికి దగ్గర?

పాతబస్తీ వాళ్ళు కరెంటు బిల్లులు కట్టరు. ఈ మాట హైదరాబాదులో మూసీకి ఉత్తరాన ఎందరి నోట విన్నానో లెక్క లేదు. అనేవాళ్ళలో వ్యాపారులున్నారు, గుమాస్తాలున్నారు, మన సభల్లో ముందు వరుసలో కూచునే ఉపాధ్యాయ మిత్రులు కూడా ఉన్నారు. 2024 జూన్‌లో ఈ మాటకు అధికార ముద్ర పడింది. పాతబస్తీలో విద్యుత్ బిల్లుల వసూలును ప్రయోగాత్మకంగా అదానీ సంస్థకు అప్పగించే ఆలోచన ఉన్నదని ముఖ్యమంత్రి ఢిల్లీలో పత్రికల వారితో చెప్పారు. ప్రతిపక్షాలు వ్యతిరేకించాయి. ఆ గొడవ నడిచినన్నాళ్ళు నడిచింది.

ఇందులో ఒక విడ్డూరం ఉన్నది. దానికి కొద్ది నెలల ముందే, 2024 మార్చి నుంచి, నెలకు 200 యూనిట్ల లోపు వాడే పేద కుటుంబాల బిల్లును తానే భరిస్తానని అదే ప్రభుత్వం పథకం పెట్టి సున్నా బిల్లులు ఇవ్వటం మొదలుపెట్టింది. పేదవాడి బిల్లు తాను కడతానన్నదీ ప్రభుత్వమే, బిల్లులు రాబట్టటానికి కంపెనీని పిలుస్తానన్నదీ ప్రభుత్వమే. పాతబస్తీలో విద్యుత్ నష్టాలు ఎక్కువన్నది అబద్ధం కాదు. చౌర్యమూ ఉన్నది. అయితే ఆ నష్టంలో పెద్ద వాడకందార్ల వాటా ఎంత, ఇరుకు గదిలో వెలిగే ఒక్క బల్బు వాటా ఎంత అని విడదీసి చూపిన వాళ్ళను నేను చూడలేదు. బస్తీని మొత్తంగా ముద్దాయిని చేయటం సులభం గనక ఆ పనే జరిగింది.

కాని నేను రాయబూనుకున్నది బిల్లుల గురించి కాదు. ఆ మాట వెనక ఒక సిద్ధాంతం ఉన్నది. ప్రభుత్వం ప్రజలకు ఏదన్నా అందించాలంటే తాను చేయకూడదు, చేయించాలి. తాను ఆసుపత్రి నడపకూడదు, ఆసుపత్రి ఖర్చు కట్టాలి. తాను రైలు వెయ్యకూడదు, వేసేవాడికి భూమి ఇవ్వాలి. ఇదీ ఆ సిద్ధాంతం. ఇది గాలిలోంచి ఊడిపడలేదు. బ్రిటన్‌లో 1948లో పుట్టిన జాతీయ ఆరోగ్య సేవను థాచర్ ప్రభుత్వం 1990 ప్రాంతంలో కొనేవారుగానూ అమ్మేవారుగానూ చీల్చింది. అంతకు ముందే, 1987లో, బీద దేశాల ఆసుపత్రులు రోగుల దగ్గర రుసుము వసూలు చేయాలని ప్రపంచ బ్యాంకు ఉద్బోధించింది. మన రాష్ట్రానికి ఈ సరుకు 1998లో ఆ బ్యాంకు ఋణంతోనూ, 1999లో మెకిన్సీ కంపెనీ తోడ్పాటుతో తయారైన విజన్ 2020 పత్రంతోనూ దిగుమతి అయింది.

ఈ సిద్ధాంతాన్ని అందరికన్నా తెలివిగా చెప్పిన గ్రంథం ప్రపంచ బ్యాంకు 2004 అభివృద్ధి నివేదిక. పేదల కోసం సేవలు పనిచేసేట్టు చేయటం దాని విషయం. మనవాళ్ళు దాన్ని తిట్టినంతగా చదవలేదు. చదవవలసిన పుస్తకం. పేదవాడికి సేవ అందటానికి రెండు దారులున్నాయంటుంది అది. ఒకటి దూరపు దారి: పౌరుడు ఓటు వేస్తాడు, ఓటు పొందినవాడు ప్రభుత్వం నడుపుతాడు, ప్రభుత్వం డాక్టరును, మేష్టరును అదుపులో పెడుతుంది, అప్పుడు పౌరుడికి వైద్యమో చదువో అందుతుంది. రెండవది దగ్గర దారి: సేవ పొందేవాడే సేవ చేసేవాణ్ణి నేరుగా నిలదీస్తాడు. చేతిలో డబ్బో, కార్డో, వోచరో ఉంటే ఈ దుకాణం నచ్చకపోతే పక్క దుకాణానికి పోతాడు. దూరపు దారి పేదలను మోసగిస్తున్నది గనక దగ్గర దారిని బలపరచాలని ఆ గ్రంథం మొగ్గు.

ఇందులో నిజం లేదా? ఉన్నది. బడికి రాని మేష్టరు, ఆసుపత్రికి రాని డాక్టరు బ్యాంకు కల్పన కాదు. ఆ నిజాన్ని మనం ఒప్పుకోకపోతే మన మాట వినవలసిన అవసరం పేదవాడికి లేదు. దూరపు దారి దూరం అన్నది సరే. దాన్ని అంత దూరం చేసినవాళ్ళెవరన్నది అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు పుస్తకంలో కన్న పాతబస్తీలో బాగా దొరుకుతుంది.

మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ దగ్గర నిలబడి చూస్తే ఉస్మానియా దవాఖానా గుమ్మటాలు కనిపిస్తాయి. నగరంలో వైద్యశాల అన్నది కొత్త మాట కాదు. నది అవతలి ఒడ్డున దారుల్ షిఫా ఉన్నది. 16వ శతాబ్దం చివర మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఆసుపత్రి అది. ఇప్పుడు ఆ పేరు పేటకు మిగిలింది. అఫ్జల్‌గంజ్‌లో 19వ శతాబ్దపు ఆసుపత్రి ఒకటి ఉండేది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద దాన్ని తుడిచిపెట్టింది. నగరంలో వేలాది జనం పోయారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురినీ ఆ వరదే మింగింది. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారంటారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉన్నది.

వరద తరువాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహా మీద ఉస్మాన్ సాగర్ 1920లోనూ, హిమాయత్ సాగర్ 1927లోనూ తయారయినాయి. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడి రోడ్లు వెడల్పు చేసింది, మురికివాడలు తీసి ఇళ్ళు కట్టింది. విన్సెంట్ ఎష్ రూపకల్పనలో ఇప్పటి ఉస్మానియా భవనం లేచింది. ఇదంతా ప్రభువు దయ అని పాతబస్తీలో పెద్దలు ఇవాళ కూడా చెబుతారు. ఆ మాటను ఎగతాళి చేయటం నాకిష్టం లేదు. తరువాత వచ్చిన ప్రభుత్వాలు వాళ్ళకా మాట మరిచిపోయే అవకాశం ఇవ్వలేదు. కాని ఆ రాయి ఎవరి డబ్బు? సంస్థానం భూమిలో ఇంచుమించు పదోవంతు నిజాం సొంత సర్ఫెఖాస్. మిగతా దానిలో జాగీర్లు పోగా రైతు కట్టిన శిస్తే ఖజానా. నల్లగొండలోనో, వరంగల్‌లోనో వెట్టి చేసిన రైతు ఆ గుమ్మటం ఖర్చు ముందే చెల్లించి ఉన్నాడు. అతని కొడుకు జబ్బుపడి ఆ గుమ్మం దగ్గరికి వస్తే అతడు దానగ్రహీతా, యజమానా? 1946 నుంచి 1951 దాకా తెలంగాణ రైతాంగం పోరాడింది ఈ ప్రశ్న మీదనే అని నాకు తోస్తుంది, భూమి పేరు మీదనయినా సరే.

1948 తరువాత, 1956 తరువాత ఆ గుమ్మం జనానికి తెరుచుకున్నది. కాగితం మీద మనం యజమానులమైనాము. 1946లోనే భోర్ కమిటీ డబ్బు లేదన్న కారణం చేత ఎవరికీ వైద్యం నిరాకరించరాదన్నది. దూరపు దారి ఇక్కడ మొదలయింది. దాని తరువాతి కథ చూడండి.

హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషనుకు 1986లో ఒకసారి, 2002లో ఒకసారి ఎన్నికలు జరిగాయి. ఆ రెండింటికి ముందూ చాలా ఏళ్ళు ప్రత్యేకాధికారులే ఏలారు. 1989లో మంచినీరు, మురుగునీరు ప్రత్యేక బోర్డు చేతికి పోయాయి. కార్పొరేటరును నీళ్ళ గురించి అడిగితే బోర్డును అడగమంటాడు. 1999లో విద్యుత్ బోర్డును ముక్కలు చేశారు. కరెంటు గురించి ఎమ్మెల్యేను అడిగితే ధరలు నిర్ణయించేది నియంత్రణ సంఘం అంటాడు. 2007లో వైద్యం ఖర్చు ఒక ట్రస్టు కిందికి వచ్చింది. 2010లో మెట్రో రైలు ఒప్పందం కంపెనీ చేతిలో పడింది. ఓటు పడే చోటు నుంచి పంపు, తీగ, మంచం ఒక్కొక్కటే జరిగిపోయాయి. ఇలా దారిని మైళ్ళకొద్దీ పొడిగించి, ఇంత దూరం ఎవరు నడుస్తారయ్యా, అడ్డదారి ఉంది రండి అనటం ఏ న్యాయం?

ఈ అడ్డదారి మొదటి మెట్టు మీద నెత్తురు పడింది కూడా. విద్యుత్ సంస్కరణలకూ, చార్జీల పెంపుకూ వ్యతిరేకంగా 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఊరేగింపు మీద కాల్పులు జరిగాయి, యువకులు మరణించారు. దీని గురించి మన పత్రికల్లో చాలా రాశారు గనక మళ్ళీ రాయను. సేవల బిల్లు అన్నది పద్దు పుస్తకం వ్యవహారం మాత్రమేనని అనుకునేవాళ్ళు ఆ తేదీని గుర్తు పెట్టుకోవాలి.

ఆరోగ్యశ్రీ దగ్గరికి వద్దాము. చిక్కయిన విషయం ఇది. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలయి, తరువాత రాష్ట్రమంతటా పరచుకున్నది. తెల్లకార్డు ఉన్నవాడికి పెద్ద జబ్బు వస్తే జాబితాలోని ఆసుపత్రిలో, అది ప్రైవేటుదయినా సరే, శస్త్రచికిత్స ఉచితం. ఖర్చు మొదట్లో బీమా కంపెనీ ద్వారానూ, పోనుపోను ట్రస్టు నేరుగానూ కట్టింది. మొదట కుటుంబానికి ఏటా 2 లక్షల దాకా పరిమితి ఉండేది. తెలంగాణలో 2023 డిసెంబరులో అది 10 లక్షలయింది.

ఈ పథకం వచ్చినప్పుడు మనలో చాలామందిమి దీన్ని కార్పొరేట్ ఆసుపత్రులకు దోచిపెట్టే పన్నాగం అన్నాము. సభల్లో నేనూ అన్నాను. ఆ రోజుల్లోనే మా వీధిలో లక్కగాజుల పని చేసే ఒకామె భర్తకు గుండె ఆపరేషను ఈ కార్డు మీద జరిగింది. లేకపోతే ఇల్లు అమ్ముకోవలసి వచ్చేది, అమ్ముకోవటానికి ఇల్లూ లేదు. ఆయన బతికాడు. నేను ఆయన ముందు నిలబడి ఇది పన్నాగమని ఎట్లా చెప్పను? చెప్పలేదు. మన విమర్శలో ఏదో లోటున్నదని ఆ రోజు అనిపించింది. బతికిన మనిషిని లెక్కలోకి తీసుకోలేని విమర్శ ఎంత అభ్యుదయకరమయినా జనం చెవికెక్కదు.

కొన్నేళ్ళకు ఆమెకే దగ్గు పట్టుకున్నది. బొగ్గు కుంపటి మీద లక్క కరిగిస్తూ రోజుకు పది గంటలు కూచునే మనిషి. సాయంత్రానికి జ్వరం. కార్డు పట్టుకుని ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయింది. దాని పేరు చెప్పను, పేరుతో పని లేదు. కార్డులో దగ్గు లేదన్నారు. పడక పడితే, ఆపరేషను అయితే ఉన్నది. పరీక్షకూ, మందుకూ, రోజువారీ చూపింపుకూ లేదు. ఆమె నన్నడిగింది: “మాస్టర్ సాబ్, ఈ కార్డుకు గుండె తెలుసు గాని ఊపిరి తెలవదా?”

వైద్యశాస్త్రం అంతా ఆ ప్రశ్నలో ఉన్నది. ఆరోగ్యశ్రీ జాబితా కొన్నేళ్ళకే తొమ్మిది వందల చికిత్సలు దాటింది. ప్రతి చికిత్సకూ ఒక ధర. దానికి ప్యాకేజీ అని పేరు. ఇంత మందిని చంపే క్షయకూ, నీళ్ళవల్ల వచ్చే విరోచనాలకూ, చిన్న పిల్లల జ్వరాలకూ అందులో చోటు లేదా అంటే, అవి ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే కదా అంటారు. నిజమే. కాని ప్రభుత్వాసుపత్రికి పోవలసిన డబ్బు ఏమయింది? ట్రస్టు చెల్లింపుల్లో హెచ్చుభాగం ప్రైవేటు ఆసుపత్రులకు పోయింది. జబ్బులను విడివిడిగా కోసి తూకం వేసి అమ్మితే లాభం వచ్చే ముక్కలు ఒకరి బుట్టలోకీ, లాభం లేనివి రెండోవాడి బుట్టలోకీ పోతాయి. లాభం లేని బుట్ట మోసేవాణ్ణి చూపి, చూశారా, సర్కారు ఆసుపత్రి ఎంత అధ్వాన్నంగా ఉన్నదో అంటారు. ధర కట్టినచోట సరుకు పుట్టుకొస్తుంది. అవసరం లేకుండా ఆడవాళ్ళకు గర్భసంచులు తీసేస్తున్నారన్న ఆరోపణలు ఆంధ్రప్రదేశ్‌లో వచ్చాయి. తరువాత కొన్ని చికిత్సలను ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది. డాక్టర్లంతా దుర్మార్గులని కాదు నా ఉద్దేశం. ప్యాకేజీ ఒక భాష. ఆ భాషలో రోగి కర్త కాడు, కర్మ.

దగ్గర దారి సిద్ధాంతం ఇక్కడ బొత్తిగా తలకిందులయింది. కార్డు ఉన్నవాడు కొనుగోలుదారు, అతడికి శక్తి వచ్చిందన్నారు గదా? కొనుగోలుదారు అతడు కాడు, ట్రస్టు. ట్రస్టు బాకీ పడితే శిక్ష అనుభవించేది అతడు. 2025 సెప్టెంబరులో తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులు బకాయిలు రాలేదని ఆరోగ్యశ్రీ సేవలు నిలిపివేశాయి. 10 లక్షల కార్డు చేతిలో ఉన్నది, గుమ్మం మూసుకున్నది. రోగి ఎవరిని నిలదీయాలి? ఆసుపత్రి ట్రస్టును చూపింది, ట్రస్టు ఖజానాను చూపింది. ఖజానాను నిలదీయాలంటే మళ్ళీ ఓటే, ఆ దూరపు దారే.

ఇంతలో ఉస్మానియా సంగతి ఏమయింది? 2015 నుంచి పాత భవనం కూల్చాలా, ఉంచాలా అన్న వాదన. 2020 జూలైలో వర్షపు నీరు, మురుగునీరు వార్డుల్లోకి వచ్చి మంచాల కిందుగా పారింది. పాత భవనం ఖాళీ చేశారు. రోగులను పక్క బ్లాకుల్లో సర్దారు. 2022లో నగరంలో అల్వాల్, సనత్‌నగర్, ఎల్.బి. నగర్‌లలో మూడు పెద్ద ఆసుపత్రులకు శంకుస్థాపన జరిగింది, పాతబస్తీలో ఒక్కటీ లేదు. ఉస్మానియా కొత్త భవనానికి 2025 జనవరి 31న గోషామహల్‌లో పునాదిరాయి పడింది. వారసత్వ భవనం నిలవాలన్నవాళ్ళకూ, కొత్తది కావాలన్నవాళ్ళకూ మధ్య మనం పక్షం ఎంచుకోవలసిన పని లేదు. రాయిని కాపాడవచ్చు, మంచాలనూ వేయవచ్చు. కాని ఆ పదేళ్ళ వాదనంతా భవనం గురించే నడిచింది. ఆ భవనంలో ఎందరు నర్సులుండాలి, ఊడ్చే మనిషి జీతం ఎవరిస్తారు అన్నది పత్రికల మొదటి పేజీకి రాలేదు.

మెట్రో సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే అది తనంతట తానే మాట్లాడుతుంది. 2017 నవంబరులో రైలు నడిచింది. రెండవ మార్గం జూబిలీ బస్ స్టేషను నుంచి ఫలక్‌నుమా దాకా వెళ్ళవలసింది. 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్ స్టేషను దాకా వచ్చి ఆగిపోయింది, సరిగ్గా మూసీ దగ్గర. దారిలో ప్రార్థనాలయాలు, చారిత్రక కట్టడాలు ఉన్నాయన్నారు. నాయకులు అభ్యంతరాలు చెప్పారు. అవి లేవని కాదు. మిగతా నగరంలో ఇలాంటివి వస్తే దారి వెతికారు, ఇక్కడ వస్తే ఆపారు. ఆ కొద్ది మైళ్ళకు ప్రభుత్వమే 2024 మార్చి 8న మళ్ళీ పునాది వేయవలసి వచ్చింది. 2025 సెప్టెంబరులో మొదటి దశ మొత్తాన్నే, దాని అప్పుతో సహా, కంపెనీ నుంచి తీసుకోవటానికి ప్రభుత్వం సూత్రప్రాయంగా అంగీకరించింది. లాభం వస్తే కంపెనీది, అప్పు మిగిలితే మనది.

ఇప్పుడు మన సంగతి. మనం ప్రైవేటీకరణను వ్యతిరేకిస్తున్నాము, మంచిదే. కాని పాతబస్తీ మనిషి సర్కారు దవాఖానాలో చక్రాల కుర్చీకి మామూలు ఇచ్చినప్పుడు మన సంఘాలు ఏమన్నాయి? నేనే ఒకసారి ఒక ప్రభుత్వాసుపత్రిలో మా బంధువును తరలించటానికి చేతిలో నోటు పెట్టి బతిమాలుకున్నాను. కుర్చీ తోసినవాణ్ణి అడిగితే తన జీతం కాంట్రాక్టరు రెండు నెలలుగా ఇవ్వలేదన్నాడు. అతడి మామూలుకూ ప్యాకేజీకీ మూలం ఒకటే: శాశ్వత ఉద్యోగం తీసేసి పనిని ముక్కలుగా అమ్మటం. కాని రోగికి ఈ మూలం తెలియనవసరం లేదు, అతడికి తెలిసింది చాచిన చెయ్యి. ఆ చెయ్యి గురించి మాట్లాడని ఉద్యోగ సంఘం రోగిని తీసుకుపోయి ట్రస్టు గుమ్మంలో దింపుతున్నది.

దూరపు దారిని దగ్గర చేయటం అసాధ్యమేమీ కాదు. 1996లో కేరళలో ప్రజా ప్రణాళిక పేర రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడోవంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇచ్చారు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను పంచాయతీల కిందికి తెచ్చారు. అక్కడ లోపాలు లేవని కాదు. డాక్టరు రాకపోతే అడగవలసిన మనిషి అదే ఊళ్ళో ఉంటాడు, అంతే. మన బస్తీ దవాఖానాలు 2018లో మొదలయినాయి. ఒక చిన్న గది, ఒక డాక్టరు, ఒక నర్సు. ప్రభుత్వం చేసిన పనుల్లో మంచి పని ఇది, సంకోచం లేకుండా ఒప్పుకోవాలి. అవి ఎవరికి జవాబు చెబుతాయి? ఆ బస్తీ జనం కూచుని మందుల పట్టీ అడిగే సంఘం ఏదీ? దాని కోసం మనం ఒక్క అర్జీ పెట్టామా? డాక్టర్లను కాంట్రాక్టు మీద వేశారని మాత్రం తీర్మానం చేశాము. అది కూడా అవసరమే.

గాజుల పని చేసే ఆమెకు క్షయ అని తేలింది ఆ బస్తీ దవాఖానాలోనే. కళ్ళె పరీక్షకు పంపింది ఒక పడుచు డాక్టరమ్మ. మందులు ఉచితం, ఆరు నెలలు. నాలుగు నెలలు గడిచేసరికి ఆమెకు ఆకలి పుట్టింది, కుంపటి దగ్గర కూచోవద్దంటే వినటం లేదు. ఆ డాక్టరమ్మ కాంట్రాక్టు ఈ మార్చితో అయిపోతుందట. తరువాత ఎవరు వస్తారని అడిగితే ఆ గదిలో ఎవరికీ తెలియదు.